చలపతిగారి చెవి

మా మండపేటలో మిల్లు ఇంజను మొరాయిస్తే ముందు నన్ను పిలిచేవారు, ఆ తర్వాతే స్పానర్లు వెతికేవారు. షెడ్డు గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు వింటే చాలు, జబ్బెక్కడుందో చెప్పేసేవాణ్ణి. "చలపతిగారి చెవి" అనేది ఊళ్ళో ఒక నానుడైపోయింది. ఎవరింట్లోనైనా ఆడపడుచు పక్క గదిలో మాటలు వింటే, నీకేం చలపతిగారి చెవి ఉందా అని వేళాకోళం చేసేవారు. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. గొప్పకి చెప్పుకున్న రోజులు అయిపోయాయి.

ఆ చెవి నాకు మిల్లుల్లో రాలేదు. డెబ్భైల్లో మా వరిచేల మీద మందు చల్లడానికి విమానాలు వచ్చేవి. పదేళ్ళు వాటి వెంట మెకానిక్కుగా తిరిగాను. గుండ్రంగా తొమ్మిది సిలిండర్లు పేర్చిన ఇంజను అది. పొద్దున్నే స్టార్టు చేస్తే ముందు ఒక సిలిండరు దగ్గేది, నీలంగా పొగ కక్కేది. తర్వాత ఇంకో రెండు అందుకునేవి. ఆ తర్వాత కాసేపు అన్నీ కీచులాడుకుని, ఉన్నట్టుండి తొమ్మిదీ గొంతు కలిపేవి. అప్పుడు కాళ్ళ కింద నేల సన్నగా వణికేది. ఈ రోజుల్లో పైన పోయే జెట్ విమానాలది ఒకటే కూత, దానిలో వినడానికేం లేదు. ఆ పాత ఇంజనులో మాత్రం తొమ్మిది మంది మాట్లాడేవారు. అందులో ఒక్కడు నసిగినా, వాడు ఎన్నోవాడో కూడా నాకు తెలిసిపోయేది.

చెవుల్లో దూది పెట్టుకుంటే మా మేస్త్రీ తిట్టేవాడు. దూది పెట్టుకున్నవాడికి ఇంజను ఏం చెబుతుందిరా అనేవాడు. సరేనని పెట్టుకోలేదు. ఆ పదేళ్ళూ విమానాల పక్కన, ఆ తర్వాత పన్నెండేళ్ళు మిల్లు ఇంజన్ల పక్కన ఉత్త చెవులతోనే నిలబడ్డాను. దాని ఫలితం 1995లో మొదలైంది. ముందు పిచ్చుకల అరుపు పోయింది. తర్వాత కుక్కరు కూత పోయింది. తర్వాత మా ఆవిడ నాగేశ్వరి గొంతు పోయింది. ముప్ఫై ఏళ్ళు నన్ను పిలిచిన గొంతు. ఒకరోజు పెదాలు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. ఆవిడే నాతో ఆటలాడుతోందనుకుని కోప్పడ్డాను కూడా.

మగవాళ్ళ మాట మిగిలింది, అదీ ఎదురుగా నిలబడి మాట్లాడితే. ఇంజన్లలో కూడా అంతే. దబదబమని కొట్టుకునే బరువైన చప్పుడు వినబడేది. సన్నగా టిక్కుమనేది వినబడేది కాదు. ఇంజను జబ్బంతా ఆ సన్న చప్పుడులోనే ఉంటుంది.

ఈ సంగతి నాగేశ్వరికి తప్ప ఎవరికీ తెలియదు. మా వంటింటికీ నా షెడ్డుకీ మధ్య ఒక్క గోడే. ఆ గోడ అవతల నుంచి పన్నెండేళ్ళుగా ఇంజన్లు వింటోంది, వాటి జబ్బులకి నేను పెట్టే పేర్లూ వింటోంది. ఎవరైనా ఇంజను తెస్తే మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఇంజను బాగుంటే పమిట సర్దుకునేది. తేడా ఉంటే చెవి దుద్దు పట్టుకునేది. నేను కళ్ళు మూసుకుని విన్నట్టు నటించి, ఓరకంట ఆవిడ చెయ్యి చూసి, తేడా ఉంది విప్పండి అనేవాణ్ణి. విప్పితే ఉండేది. మిల్లులవాళ్ళు నాకు దణ్ణం పెట్టేవారు. రెండేళ్ళలో ఆవిడకి ఒక్కసారి కూడా నేను ఒక మంచి మాట చెప్పలేదు. పైగా మజ్జిగలో ఉప్పెక్కువైందనేవాణ్ణి.

1997 దసరాకి ఇలా నడుస్తోంది మా బండి.

క్రితం ఏడు తుఫాను మా ప్రాంతాన్ని తుడిచిపెట్టేసింది. ఈ ఏడు పైరు బాగా ఎదిగి పొట్ట మీదుండగా సుడిదోమ పట్టింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది రైతుల పని. దోమ దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చేస్తుంది. పచ్చగా ఉన్న చేను మధ్యలో గుండ్రంగా మంట పెట్టినట్టు ఎండిపోతుంది. ఆ వలయం రోజురోజుకీ పెద్దదవుతుంది. చేతి పంపులతో చల్లి చల్లి విసిగిపోయి, రైతు సంఘం పెద్ద బుల్లబ్బాయిగారు పైకి రాసీ, తిరిగీ, ఎక్కడి నుంచో ఒక పాత మందు విమానాన్ని తెప్పించారు. ఊరి బయట మెరకని చదును చేయించి అక్కడ దింపారు. అదే తొమ్మిది సిలిండర్ల ఇంజను. మొదటి రోజు వెళ్ళి దూరంగా నిలబడ్డాను. గుండెల్లో ఆ దడదడ తగిలింది. పాత స్నేహితుడు భుజం తట్టినట్టనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని సన్న గొంతు మాత్రం నాకు అందలేదు.

మహర్నవమి పొద్దున్న బుల్లబ్బాయిగారు జీపేసుకుని మా ఇంటికి వచ్చారు.

"ఓ చిక్కొచ్చిందండీ చలపతిగారూ," అన్నారు ఎదురుగా కూర్చుని. "నిన్న సాయంత్రం దిగేటప్పుడు ఇంజనులో ఏదో సన్నగా టిక్కుటిక్కుమందంటున్నాడండి పైలెట్ కుర్రాడు. విమానం కంపెనీ ఇంజనీరుగారేమో మలేరియాతో రాజమండ్రి ఆస్పత్రిలో చేరారు. మీరొచ్చి ఓసారి విని చెప్పండి చాలు."

"ఆయన్ని రానివ్వండి. వాళ్ళ ఇంజను వాళ్ళు చూసుకోవాలి కదా," అన్నాను.

"నాలుగు రోజులు పడుతుందంటండి. దోమ నాలుగు రోజులు ఆగుద్దా అండి? కుర్రాడు కూడా మీరు బాగుందంటే ఎక్కుతానన్నాడు."

రాలేనని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో ఆయన, "మీ చెవి ఉందనే ధైర్యంతోనే వచ్చానండి," అన్నారు. నా నోరు మూతపడింది. పొగడ్త అంటే నాకు మొదటి నుంచీ బలహీనతే.

చొక్కా వేసుకుంటుంటే నాగేశ్వరి నా ఎదురుగా వచ్చి నిలబడింది. నాతో మాట్లాడాలంటే అలాగే నిలబడుతుంది, పెదాలు కనబడేలా.

"స్పానర్లు పట్టుకెళ్ళండి. మూతలు విప్పి చూడండి," అంది.

నా పనిముట్లన్నీ అమ్మవారి పటం ముందు ఉన్నాయి. పొద్దున్నే కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి తనే పేర్చింది. ఆయుధపూజ నాడు పూజలో పెట్టిన పనిముట్టుని మా దగ్గర ఏ మెకానిక్కూ ముట్టుకోడు. మర్నాడు విజయదశమికి దణ్ణం పెట్టుకునే తీయాలి.

"పూజలో పెట్టినవి తీస్తే ఊరేమంటుంది?" అన్నాను.

"అమ్మవారికి నేను చెప్పుకుంటాను. మీరు తీసుకెళ్ళండి."

నిజం చెప్పాలంటే నన్ను ఆపింది అమ్మవారు కాదు. విని చెప్పమని పిలిస్తే స్పానర్ల సంచితో వెళ్తే, చలపతిగారికి చెవి చాలడం లేదా అని ఎవడో ఒకడు అంటాడు. ఆ ఒక్క మాటకి నేను భయపడ్డాను. పండగ సాకు చేతికి అందింది, పట్టుకున్నాను.

"మిల్లు ఇంజన్లు వేరు, ఇది వేరు. విమానం సంగతి నీకేం తెలుసు?" అని కసిరాను.

"మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు," అని పసుపూ కుంకుమా ఉన్న పళ్ళెం తీసుకుని, తనూ వచ్చి జీపెక్కింది. విమానానికి కూడా పూజ చేయిద్దామని బుల్లబ్బాయిగారి ఇంట్లోవాళ్ళు పిలిచారట.

మెరక మీద వంద మందికి పైగా ఉన్నారు. విమానం ముక్కుకి బంతిపూల దండ వేసి తీశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కంపెనీ వాళ్ళ పనిముట్ల పెట్టె కూడా చక్రం పక్కన కుంకుమ బొట్లతో ఉంది. పైలెట్ శశిభూషణ్ నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. అమలాపురం పిల్లాడు, పాతికేళ్ళు దాటి ఉండవు. వాళ్ళ నాన్నగారు బడి పంతులట.

"మూతలు విప్పి చూద్దామాండీ? పావుగంట పని," అన్నాడు.

పావుగంట పనే. వాల్వుల మీద మూతలు తీస్తే లోపలి స్ప్రింగులు కంటికి కనబడతాయి. ఆ వాల్వులకి ఒకదానిలో ఒకటి రెండేసి స్ప్రింగులుంటాయి. ఒకటి విరిగినా రెండోది కాసేపు లాక్కొస్తుంది. ఆ కాసేపూ సన్నగా టిక్కుమంటుంది. ఈ సంగతి ప్రపంచంలో ఎవరికైనా తెలుసంటే నాకు తెలుసు.

"ఈ రోజు స్పానరు ముట్టుకోకూడదు బాబూ," అన్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "చెవి ఉండగా స్పానరు ఎందుకు?" అని కూడా అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బుల్లబ్బాయిగారు తల ఊపారు. కుర్రాడు ఇంకేం అనలేక ఎక్కి కూర్చున్నాడు.

ఇంజను దగ్గింది, పొగ కక్కింది, తిరిగింది. పెంచమన్నాను, పెంచాడు. తగ్గించమన్నాను, తగ్గించాడు. రెక్క పక్కన కళ్ళు మూసుకుని నిలబడ్డాను. దడదడ నా ఛాతీకి బాగానే తగిలింది. ఎక్కడా తడబాటు లేదు. ఆ దడదడ మీద ఏముందో మాత్రం దేవుడికే తెలియాలి. కళ్ళు తెరిచి ఆడవాళ్ళ గుంపు వైపు చూశాను.

నాగేశ్వరి కుడిచెవి దుద్దు పట్టుకుని ఉంది.

ఊరికే పట్టుకోలేదు. గట్టిగా, చెవి తమ్మె సాగేలా పట్టుకుంది. మా ఇద్దరి చూపులూ కలిశాయి. నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఆ తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకోబోయాను గాని, అది అబద్ధం. ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, కోపం. పదేళ్ళు విమానాలతో బతికినవాణ్ణి నేను. వంటింటి గోడ వెనక నుంచి విన్న మనిషి నాకు విమానం ఇంజను గురించి చెప్పడమేంటని మొండికెత్తాను.

"భేషుగ్గా ఉంది. ఎక్కించండి మందు," అన్నాను.

చప్పట్లు కొట్టారు. నాకు అవి కూడా సగమే వినబడ్డాయి.

మూడుసార్లు వెళ్ళి వచ్చింది విమానం. చేల మీద తెల్లగా మందు పరుచుకుంటుంటే రైతులు గట్ల మీద పిల్లల్లా పరుగెత్తారు. నాలుగోసారి మందు నింపుకుని లేచి, కొబ్బరి చెట్లు దాటేంత ఎత్తుకి వెళ్ళిందో లేదో, ఆడవాళ్ళందరూ ఒక్కసారి తలలెత్తారు. నాకేమీ తెలియలేదు. నేను నాగేశ్వరి ముఖం చూశాను. ఆవిడ రెండు చేతులూ నోటి మీదున్నాయి. ఆ తర్వాత నా ఛాతీకి తగులుతున్న దడదడ తడబడింది, రెండుసార్లు ఎగిరిపడింది, ఆగిపోయింది.

కుర్రాడు గట్టివాడు. ఇళ్ళ వైపు పోకుండా విమానాన్ని చేలోకి తిప్పాడు. చక్రాలు బురదలో దిగబడి విమానం ముక్కు మీద నిలబడింది. మేము వెళ్ళేసరికి వాణ్ణి బయటికి లాగుతున్నారు. కుడికాలు రెండుచోట్ల విరిగి, ఎముక బయటికి కనబడుతోంది. ఒంటి నిండా మందూ బురదా. నన్ను చూసి ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. అడగలేదు.

వారం తర్వాత రాజమండ్రి ఆస్పత్రికి వెళ్ళాను. కాలు కట్టి పైకి వేలాడదీశారు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"కంపెనీ వాళ్ళు నాదే తప్పంటున్నారండి," అన్నాడు. "ఇంజను సవ్యంగా ఉందని మీరు విని చెప్పారు కదా, మరి గాల్లో ఎందుకు ఆగుతుంది, నేనే ఏదో తప్పు చేశానంటున్నారు. విచారణ పెడుతున్నారు. లైసెన్సు పోతుందేమోనండి."

"ఇంజను విప్పి చూశారా?"

"విరిగిన స్ప్రింగు దొరికిందంటండి. ముందే విరిగిందో, పడ్డాక విరిగిందో చెప్పలేమంటున్నారు." కళ్ళు దించుకుని అన్నాడు. "ఆ టిక్కు టిక్కు నేనే ఊహించుకున్నానేమోనండి. మీకు వినబడలేదంటే అది లేనట్టే కదా. నేనే కంగారుపడి థ్రాటిల్ తప్పుగా లాగానేమో. గుర్తు రావడం లేదు."

నీ తప్పు కాదు బాబూ అనాలి నేను. ఆ నాలుగు మాటలూ అనలేదు. "విశ్రాంతి తీసుకో," అని లేచి వచ్చేశాను. బస్సులో మండపేట దాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. నేను చేసింది పిరికి పని.

ఊళ్ళో నన్ను పల్లెత్తు మాట అన్నవాడు లేడు. అదే నాకు నరకమైంది. చలపతిగారి చెవి తప్పు వినదు, పైలెట్‌దే కుర్రతనం, అనుభవం లేదు అని తేల్చేశారు. బుల్లబ్బాయిగారు మళ్ళీ వచ్చి, "విచారణలో మిమ్మల్ని ఒకే ఒక్క ముక్క అడుగుతారండి. విన్నాను, బాగుంది అని చెబితే అయిపోద్ది. సంఘం మీదకి మాట రాదు," అన్నారు.

నాగేశ్వరి మాత్రం ఆ రోజు నుంచీ గుమ్మంలోకి రావడం మానేసింది. మజ్జిగ గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయేది. రెండు ఇంజన్లు వస్తే పని ఒత్తిడని చెప్పి తిప్పి పంపాను. రెండు నెలలు గడిచాక, విచారణకి ముందురోజు మధ్యాహ్నం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"నేను దుద్దు పట్టుకున్నాను. మీరు చూశారు," అంది.

"చూశాను."

"చూసి కూడా బాగుందన్నారు."

"ఇప్పుడు చెబితే రేపటి నుంచి మిల్లులవాళ్ళు నన్ను పిలుస్తారా? ఈ ఇల్లు ఎలా నడుస్తుంది?" అన్నాను.

"మీ చెవి పోయి రెండేళ్ళయింది," అంది నాగేశ్వరి. ఒక్కొక్క మాటా నాకు అందేలా నెమ్మదిగా పలికింది. "ఆ పిల్లాడి బతుకు ఇప్పుడు పోతోంది. మీ చెవుడు దాచింది నేనే కదా, నాకూ పాపం ఉంది. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు."

విచారణ రాజమండ్రిలో ఒక అతిథి గృహంలో పెట్టారు. నాగేశ్వరి నాతో వచ్చింది. నువ్వు వరండాలోనే ఉండు, లోపలికి రావద్దన్నాను. ఆవిడ గుమ్మంలో ఉంటే నా కళ్ళు మళ్ళీ ఆ చేతి కోసం వెతుకుతాయని నా భయం.

గదిలో పొడుగాటి టేకు బల్ల. ఒక పక్క కంపెనీ మనుషులు, ఒక పక్క బుల్లబ్బాయిగారు. మూలన శశిభూషణ్ చంకల్లో కర్రలతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. విచారణ చేసే అధికారి తెలుగువాడే, నెమ్మదైన మనిషి. తల వంచి కాగితం మీద రాసుకుంటూనే ఏదో అడిగారు. పెదాలు నాకు కనబడలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. అందరూ నా వైపు చూశారు.

ఏం అడిగి ఉంటారో ఊహించగలను. ఒకే ఒక్క ముక్క అడుగుతారని చెప్పారు కదా. "విన్నాను, బాగుంది" అని అంటే అతికిపోతుంది. రెండేళ్ళు అలాగే అతికించుకుంటూ వచ్చాను. నోరు దానంతటదే తెరుచుకుంది కూడా.

"వినబడలేదండి," అన్నాను.

అధికారి తలెత్తి మళ్ళీ అడిగారు. గొంతు కాస్త పెంచినట్టున్నారు.

"వినబడలేదండి," అన్నాను మళ్ళీ.

బుల్లబ్బాయిగారు లేచి వచ్చి నా ముఖంలో ముఖం పెట్టి చూశారు. తర్వాత చెవి దగ్గర గట్టిగా అరిచారు. "మీ పేరు అడుగుతున్నారండి."

పేరు చెప్పాను. చెప్పి, అడగకుండానే మిగతాదంతా చెప్పేశాను. పిచ్చుకల దగ్గర నుంచి, మజ్జిగ గ్లాసు దాకా, పూజలో పెట్టిన స్పానర్ల దాకా, అన్నీ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఆ రోజు మీరు నా ముందు ఇంజను తిప్పారండి, నేను భేషన్నాను అని చెప్పాను. ఎవరి ముఖమూ చూడలేక బల్ల వైపే చూస్తూ మాట్లాడాను. చివరికి తలెత్తితే శశిభూషణ్ ఏడుస్తున్నాడు. నా మీద కోపంతోనో, తన మీద తనకి నమ్మకం తిరిగొచ్చో నాకు తెలియదు. అడిగే అర్హత నాకు లేదు.

అధికారి ఈసారి నాకు కనబడేలా ముఖం పెట్టి, గట్టిగా అడిగారు. "మరి ఆ రోజు విన్నదెవరు?"

"మా ఆవిడండి. వరండాలో ఉంది."

పిలిపించారు. నాగేశ్వరి పమిట భుజాల చుట్టూ కప్పుకుని వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఇంతమంది మగవాళ్ళ మధ్య ఎప్పుడూ మాట్లాడిన మనిషి కాదు. ఆవిడ నాకు పక్కగా ఉంది, పెదాలు సగమే కనబడుతున్నాయి. ఏం చెప్పిందో నాకు పూర్తిగా తెలియలేదు. ఆ చప్పుడు ఎలా ఉందమ్మా అని ఆయన అడిగినట్టున్నారు. ముందుకు వంగి, చూపుడువేలి గోటితో బల్ల మీద కొట్టింది. కొట్టి, కాస్త ఆగి మళ్ళీ కొట్టింది. అధికారి రాయడం ఆపేశారు. శశిభూషణ్ తల గిర్రున అటు తిప్పి, అవునవునని ఊపుతున్నాడు. బుల్లబ్బాయిగారు కళ్ళు మూసుకున్నారు.

నేను ఆవిడ గోటినే చూస్తూ కూర్చున్నాను. అది బల్లకి తగులుతోంది, లేస్తోంది, మళ్ళీ తగులుతోంది. ఆ గదిలో ఆ చప్పుడు వినబడనిది నాకొక్కడికే.